పీర్ల పెట్టె తాళంచెవి

మా అబ్బా పోయినంక అన్నదమ్ములం పంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. గుంటెడు భూమి లేదు. రెండర్రల పెంకుటిల్లు, కుట్టుమిషను, ఒక సైకిలు, అట్టలూడిన ఉర్దూ పుస్తకాలు కొన్ని. వీటి గురించి మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు. తేడా వచ్చింది ఒక చెక్కపెట్టె దగ్గర. ఆ పెట్టెలో ఏడు పీర్లున్నాయి. బతికినన్నాళ్ళూ దాని తాళంచెవి అబ్బా సద్రీ జేబులోనే ఉండేది.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "భాయ్‌జాన్, ఇది అబ్బాతోటే అయిపోవాలె. పెట్టె ఇక తెరవొద్దు" అన్నాడు. మేం ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటాం. ఉర్దూలో ఆ మాట ఇంకా మెత్తగా ఉండింది. కాని ఆ మెత్తటి మాటతో కరీంనగర్‌లోని మా గల్లీలో మా తాతల నాటి నుంచి జరుగుతున్న పీర్ల పండుగ ఆగిపోతుంది.

మర్నాడు పొద్దున్నే కుమ్మరి పెద్దవ్వ మా వాకిట్లకు వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. చాయ్ ఇస్తే తాగలేదు. అరుగు మీద కూర్చుని అడిగింది.

"ఏంది బిడ్డా, పీర్లను పెట్టెల్నే పండవెడ్తరట? మీరు నమ్మకపోతే నమ్మకుండ్రి. నేను నమ్ముకున్న గద! మీ ఇంట్ల పెట్టుకున్నంత మాత్రాన పీర్లు మీయేనా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా రెండు భాషల్లో పత్రికలకు రాస్తున్నవాణ్ణి. ఎవరెవరినో ప్రశ్నలడిగి బతుకుతున్నవాణ్ణి. బడికి పోని ఒక ముసలమ్మ అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నమ్మకం లేనివాడి చేతిలో నమ్మేవాళ్ళ వస్తువు ఉంటే, ఆ చేతికి ఏం హక్కుంటుంది? దాన్ని మూసేసే హక్కుందా? ఇచ్చేసే హక్కుందా? ఈ వ్యాసం ఆమెకు నేను బాకీ పడ్డ జవాబు.

*

పీరంటే ఏమిటో తెలంగాణలో చెప్పాల్సిన అవసరం ఒకప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680లో, మొహర్రం నెల పదో రోజున కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్‌నూ ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ యజీద్ సైన్యం చంపింది. ముందు నీళ్ళు అందకుండా చేసి, తర్వాత చంపింది. ఆ రోజు వాళ్ళు పట్టుకున్న జెండాల గుర్తు అలం. ఉర్దూలో అలం, మా తెలుగులో పీరు. ఇత్తడి పంజానో, గుర్రపు నాడానో, ఆకు ఆకారమో పైన, కింద వెదురుకర్ర, కర్ర చుట్టూ మొక్కుకున్నవాళ్ళు కట్టిన దట్టీలు. షియాలకు ఇది మాతం రోజు, గుండెలు బాదుకునే రోజు. మా వైపు పల్లెల్లో, చిన్న పట్నాల్లో షియాలు బహు అరుదు. ఇక్కడ పీర్లనెత్తుకునేది సున్నీలు, దూదేకులవాళ్ళు, బీసీలు, దళితులు. ఎక్కడి దుఃఖమో ఇక్కడికొచ్చి పండుగయింది.

మా కొట్టం మసీదు కాదు, గుడి కాదు. రెండిళ్ళ గోడల నడుమ వేసిన రేకుల సాయబాన్. ఏడాదిలో పదకొండు నెలలు అందులో మేకలు కట్టేసేవాళ్ళు, పిల్లలు గోలీలాడేవాళ్ళు. మొహర్రం నెలపొడుపు కనబడ్డ రాత్రి దాని రూపం మారేది. అబ్బా పెట్టె తెరిచేవాడు. పీర్లను చింతపండుతో, బూడిదతో తోమి మెరిపించేవాళ్ళం. మేదరోళ్ళు వెదుర్లు తెచ్చేవాళ్ళు. కుమ్మరింటి నుంచి కొత్త కుండలు, గురుగులు, ప్రమిదలు వచ్చేవి. కొట్టం ముందు గుద్దలి వేసి గుండం తవ్వేవాళ్ళు. చాకలోళ్ళు దివిటీలు పట్టేవాళ్ళు. మాదిగోళ్ళ డప్పు లేకుండా ఒక్క పీరూ కొట్టం దాటి బయటికి వచ్చేది కాదు.

ఇదంతా చాలా ఊళ్ళలో ఉన్నదే. మా గల్లీకి ప్రత్యేకమైంది ఒకటుంది. అది అబ్బా కుట్టిన తెర.

అబ్బా దర్జీ. ఏడాది పొడుగునా మిషను కింద పడ్డ పేలికల్ని పారేసేవాడు కాదు. గల్లీలో ఎవరింట పెళ్ళయినా, ఎవరి బిడ్డ పుష్పవతి అయినా, ఎవరికి బడి డ్రెస్సు కుట్టినా ఒక ముక్క మిగిలేది. ఆ ముక్కలన్నీ ఒక గోనెసంచిలో చేరేవి. మొహర్రం వచ్చేముందు అమ్మీ, అబ్బా రాత్రిళ్ళు కూర్చుని వాటిని కలిపి కుట్టి, పీర్ల వెనక వేలాడే తెర చేసేవాళ్ళు. జరీ పట్టు పక్కన ఖాకీ, ఖాకీ పక్కన పూల ఛీటీబట్ట, దాని పక్కన రంజాన్‌కు కుట్టిన సల్వార్ ముక్క. పైన సిగరెట్ పెట్టెల వెండికాగితంతో నక్షత్రాలు. పగిలిన గాజుముక్కల్ని దారాలకు కట్టి దండలు. ముందు వరస ప్రమిదలు వెలిగించగానే గాజులు రంగురంగులుగా మెరిసేవి. చిన్నప్పుడు మేం పీర్లకంటే ఎక్కువగా ఆ తెరనే చూసేవాళ్ళం. "అగో, అది మా అక్క పెండ్లి రవికె" అని ఒకడు, "అది నా నిక్కరు" అని ఇంకొకడు వెతుక్కునేవాళ్ళు. గల్లీలోని ప్రతి ఇంటికీ ఆ తెరలో ఒక జాగ ఉండేది.

పదో రోజు సవారీ లేచేది. గుండం చుట్టూ దూలా ఆడి, నిప్పుల మీంచి నడిచి, పీర్లను మానేరు వైపు సాగనంపేవాళ్ళు. మలీద ముద్దలు, బెల్లం షర్బత్ పంచేవాళ్ళు. తిరిగొచ్చాక పీర్లు పెట్టెలోకి, తెర సంచిలోకి. మళ్ళీ ఏడాది తెర విప్పి, చిరిగినవి తీసేసి, కొత్తవి చేర్చేవాడు అబ్బా. దీన్ని ఎవరూ కళ అనలేదు. ఇప్పుడు పెద్ద నగరాల గ్యాలరీల్లో ఇట్లాంటివాటికి ఇన్‌స్టలేషన్ అని పేరుపెట్టి, కింద చీటీ మీద కళాకారుడి పేరు రాస్తున్నారు. అబ్బా తెరకు చీటీ పెడితే దాని మీద ఎన్ని పేర్లు రాయాలి?

*

తమ్ముడి మాటను నేను తేలిగ్గా తీసేయలేను. చాలామంది ప్రగతివాద మిత్రులు తీసేస్తారు. "గల్ఫ్‌కు పోయి వహాబీ అయిండు" అని నవ్వేస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి ఎన్ని వేల కుటుంబాలు గల్ఫ్ డబ్బు మీద నిలబడ్డాయో ఇక్కడ అందరికీ తెలుసు. హిందువులు పోయి వస్తే ఇల్లు కట్టిండంటారు, ముస్లిం పోయి వస్తే గడ్డం పెంచిండంటారు. తమ్ముడు సౌదీలో పదకొండేళ్ళు ఎండలో తాపీపని చేశాడు. అక్కడ వాడికి దొరికిన ఊరట నమాజు ఒక్కటే. వాడు చదివినంత దీన్ నేను చదవలేదు.

వాడి వాదంలో రెండు ముక్కలున్నాయి. మొదటిది మతం ముక్క. అల్లాకు తప్ప మరొకరికి మొక్కకూడదు. ఇత్తడి పంజా దగ్గర కొడుకు కావాలని, పంట పండాలని అడగడం షిర్క్. మతంలో లేనిదాన్ని మతంగా చేయడం బిదత్. ఇది ఇస్లాంలో చాలామంది పండితులు చెప్పేదే. దీన్ని కాదనే అర్హత నాకు లేదు.

రెండోది వాడు ఒక రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు చెప్పింది. "భాయ్‌జాన్, మనం పీరెత్తుకుంటేనే వాళ్ళకు మంచి తురకలం. నమాజుకు పోతే చెడ్డ తురకలం. మనం ఎట్ల ముసల్మానులుగ ఉండాల్నో వాళ్ళెందుకు చెప్పాలె?"

ఈ మాట నాకు బాణంలా తగిలింది. ఎందుకంటే ఆ "వాళ్ళ" పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రతి ఏడాదీ మొహర్రానికి పత్రికలో నేను రాసిన వార్తకు ఒకటే శీర్షిక: మతసామరస్యానికి ప్రతీక పీర్ల పండుగ. ఊరి పేరు మారేది, ఫొటో మారేది, శీర్షిక మారేది కాదు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోని దర్గా గురించి కూడా అట్లాగే రాశాను. కోడెమొక్కు చెల్లించినవాళ్ళు దర్గాలో కూడా మొక్కుతారని, చూడండి మన సంస్కృతి అని. నిర్మల్‌లో పొనికికర్రతో బొమ్మలు చేసే నకాషీల గురించి రాసినప్పుడు, నకాషీ అనే మాటే ఫార్సీది అని మురిసిపోయాను. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. కాని ఆ వార్తలన్నీ ఏడాదికొకసారి తీసి చూపించే పెట్టెలాంటివి. మిగతా రోజుల సంగతి అందులో ఉండదు.

1992 డిసెంబర్ 6 తర్వాత మా గల్లీలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కాని ఆ ఏడాది అబ్బా ఒక వారం రోజులు దుకాణం తెరవలేదు. అంతకుముందు ఏడాది, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో "జల్‌జలా" వచ్చింది. అప్పటిదాకా మేం ఇంట్లో గుసగుసగా మాట్లాడుకున్నవి తెలుగు అక్షరాల్లో గట్టిగా వినబడ్డాయి. 2008 అక్టోబరులో భైంసాలో దుర్గ నిమజ్జనం ఊరేగింపు దగ్గర గొడవ మొదలైంది. ఆ రోజుల్లోనే దగ్గర్లోని వటోలిలో ఒకే ముస్లిం కుటుంబంలో ఆరుగురు ఇంట్లోనే కాలిపోయారు. పిల్లలు కూడా ఉన్నారు. సామరస్యం ఉందని రాసిన కలంతో దాన్ని ఎట్లా రాయాలి? పండుగనాడు కలిసి నడవడం నిజమే. అవసరం వచ్చిన రాత్రి అది ఎంతమందిని కాపాడుతుంది? తమ్ముడి రెండో ప్రశ్న ఇదే.

*

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

అబ్బా పోవడానికి కొన్ని నెలల ముందు, పిల్లల చదువు కోసం బడికి దగ్గర్లో కిరాయి ఇల్లు వెతికాను. కొత్త కాలనీలో ఒక మేడ మీద కిరాయి బోర్డు కనిపించింది. ఇంటాయన కుమ్మరి పెద్దవ్వ కొడుకే. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మా వాకిట్లో పెరిగినవాడు. వాడు దుబాయ్ పోయేటప్పుడు పెద్దవ్వ ఇమాం హుస్సేన్ పీరుకు ఆకుపచ్చ దట్టీ మొక్కుకుంది. వాడు క్షేమంగా తిరిగొస్తే అబ్బాతోనే ఆ దట్టీ కట్టించింది. ఆ దుబాయ్ డబ్బుతో కట్టిన మేడ అది.

నన్ను చూసి వాడు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఇల్లు సంగతి అడగగానే గోడ వైపు చూశాడు. "అన్నా, మీ ఒక్కరి గురించి అయితే ఏం లేదు. కింద కిరాయికున్నోళ్ళు ఒప్పుకుంటలేరు. కూరల వాసన అంటరు, అదంటరు, ఇదంటరు... మీకు తెల్వదా?" అన్నాడు. నాకు తెలుసు. అంతకుముందు నాలుగిళ్ళ దగ్గర ఇదే మాట విన్నాను. అక్కడ బాధ కలగలేదు, కోపమే వచ్చింది. ఇక్కడ బాధ కలిగింది. మా తెరలో వాడి బడి డ్రెస్సు ముక్క ఉంది.

పెద్దవ్వ ప్రశ్న అడిగిన పొద్దున నా మనసులో మొదట వచ్చిన జవాబు ఏమిటో నిజాయితీగా చెప్తాను. "నీ కొడుకు నాకు ఇల్లియ్యలేదు. నేను నీకు పీరెందుకియ్యాలె?" ఊళ్ళో పీరుకు జాగ ఉంది, పీరును ఎత్తుకునేవాడికి కాలనీలో జాగ లేదు. మా దేవుళ్ళు కావాలి, మేం వద్దు. తమ్ముడు దీన్ కోసం పెట్టె మూస్తానంటున్నాడు, నేను పగతో మూస్తాను. ఇద్దరి చేతుల్లోనూ తాళం ఒకటే.

ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను.

*

పీర్లను మూసేయాలని చూసినవాళ్ళు చరిత్రలో మేమే మొదటివాళ్ళం కాదు. హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానాను 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. దాని గోడల మీద రంగుల పెంకుల పని ఇప్పటికీ చూడొచ్చు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక అది చాలా కాలం మూతపడింది. మూసినవాడూ ముసల్మానే, కట్టినవాడూ ముసల్మానే. రాజు ఆషుర్‌ఖానాకు తాళం పడింది కాని, పల్లెల్లో పీర్లు ఆగలేదు. రాజుదానికి రాజు ఖర్చు కావాలి. పల్లె పీరుకు వెదురు, గుడ్డముక్క, బెల్లం చాలు.

సముద్రాల అవతల కూడా ఇదే జరిగింది. ట్రినిడాడ్‌లో చెరకు తోటల్లో పనిచేసిన భారతీయ కూలీలు మొహర్రాన్ని హోసే అన్నారు. వెదురుతో, రంగుకాగితాలతో తాజియాలు తమ చేతుల్తో చేసుకుని ఊరేగించేవాళ్ళు. చేసినవాళ్ళలో, మోసినవాళ్ళలో హిందువులే ఎక్కువ. ఊరేగింపు పట్నంలోకి రాకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 1884 అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చనిపోయారు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి మద్రాసు ఓడల్లో పోయిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ కూడా మొహర్రం కూలీలందరి పండుగయింది. తెల్లదొరలు దాన్ని వెక్కిరింతగా కూలీల క్రిస్మస్ అన్నారు. ఆ కూలీలు మతసామరస్యం కోసం తాజియా చేయలేదు. రోజంతా చెరకు కొట్టిన చేతులు ఆ ఒక్క వస్తువును తమకోసం చేసుకున్నాయి, అంతే. ఏ మతం మనిషి అని కాదు, ఎవరి చేయి పడిందన్నదే అక్కడ లెక్క.

అట్లాగని మా కొట్టాన్ని నేను స్వర్గంగా చూపించను. డప్పు కొట్టిన మాదిగ తాత గుండం దాకానే వచ్చేవాడు, కొట్టం లోపలికి రావడం చిన్నప్పుడు నేను చూడలేదు. అబ్బా రమ్మనేవాడు, ఆయన వచ్చేవాడు కాదు. మొదటి దట్టీ ఎవరిదన్న దగ్గర పలుకుబడి ఉన్న ఇంటివాళ్ళే ముందుండేవాళ్ళు. ఇక మా వైపు చూస్తే, పెద్ద ఖాన్‌దాన్ల వాళ్ళు ముజావర్‌ను ఫాతెహాకు పిలిచేవాళ్ళు కాని, సంబంధం కలుపుకునేవాళ్ళు కాదు. దూదేకుల వాళ్ళను నోరారా సాయబని పిలవడానికి కూడా ఇష్టపడేవాళ్ళు కాదు. అబ్బా తెరలో అన్ని ముక్కలూ పక్కపక్కన ఉన్నాయి, నిజమే. కుట్టు వేసింది ఒక పేద దర్జీ. గల్లీ తనకు తానుగా ఆ కుట్టు వేసుకోలేదు.

*

చివరకు నాకు దారి చూపించింది తమ్ముడు చదివిన దీనే.

అమానత్ అని ఒక మాట ఉంది. మా ఇళ్ళలో పిల్లలకు కలిమా తర్వాత నేర్పే మాట అది. ఎవరో నమ్మి నీ దగ్గర దాచిపెట్టింది అమానత్. అది నీ ఇంట్లో ఉంటుంది, నీది కాదు. దాన్ని వాడుకోకూడదు, పాడుచేయకూడదు, అడిగినప్పుడు లేదనకూడదు. పెట్టినవాడు నీ మతస్థుడా కాదా అన్న తేడా అమానత్‌కు లేదు. మక్కావాళ్ళు ప్రవక్తను శత్రువుగా చూసిన రోజుల్లో కూడా తమ సొమ్ము ఆయన దగ్గరే దాచేవాళ్ళు. ఆయనకు అమీన్ అని పేరు. మక్కా వదిలి మదీనాకు పోయే రాత్రి, ఆ సొమ్ములన్నీ ఎవరివి వాళ్ళకు అప్పగించమని హజ్రత్ అలీని వెనక ఉంచి వెళ్ళారని సీరత్ పుస్తకాలు చెప్తాయి. తనను చంపడానికి వచ్చినవాళ్ళ ఊరి సొమ్మును తిరిగి ఇచ్చి పంపడం అది.

ఈ సంగతి నాకంటే తమ్ముడికే బాగా తెలుసు. అందుకే వాడినే అడిగాను: "పీర్లు ఎవరివి? ఇత్తడి ఎవరిచ్చిండ్రు?" వాడికి తెలుసు. మూడు పీర్లు మా ముత్తాత చేయించినవి. రెండు గల్లీవాళ్ళు చందాలేసుకుని చేయించినవి. ఒకటి పిల్లలు పుట్టిన ఒక గౌండ్ల ఇంటివాళ్ళు మొక్కు తీర్చుకున్నది. ఒకటి ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. దట్టీలు వందల ఇళ్ళవి. "మరి అమానత్‌ను తాళమేసి అటక మీద పెడితే దాన్నేమంటరు?" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఖియానత్" అన్నాడు చివరకు. నమ్మకద్రోహం.

ఇది వాడిని మాటల్తో ఓడించడం కాదు. ఆ జవాబుతో నేనూ ఓడిపోయాను. ఎందుకంటే అమానత్‌ను బేరానికి పెట్టడం కూడా ఖియానతే. ఇల్లిస్తేనే పీరిస్తానంటే, పెద్దవ్వ దాచుకున్నదాన్ని ఆమె కొడుకు తప్పుకు జప్తు చేసినట్టు. తల్లి మొక్కుకూ కొడుకు తప్పుకూ లెక్క కలిపే అధికారం నాకు ఎవరిచ్చారు? మా మీద ఇట్లాంటి లెక్కలే కదా ఎప్పుడూ వేస్తున్నారు! ఎక్కడో ఎవడో బాంబు పెడితే కరీంనగర్ దర్జీ జవాబు చెప్పాలి. ఎప్పుడో ఏ సుల్తానో గుడి పడగొడితే ఇప్పటి పండ్లబండి సాయబు జవాబు చెప్పాలి. ఒకరి తప్పును మరొకరి మీద రాసే ఆ లెక్కల పుస్తకాన్ని నేనే తెరిస్తే, దాన్ని మూసేయమని ఇంకెవరిని అడగగలను?

అయితే అమానత్ తమ్ముడి మీద ఇంకో బరువు వేయదు. దాచినదాన్ని అప్పగించాలి కాని, దానికి మొక్కాలని లేదు. విశ్వాసం ఒకరు చెప్తే వచ్చేది కాదు. వాడు పీరు ముందు నిలబడకపోతే గల్లీ వాడిని కొంచెపరచకూడదు. వాడి నమాజు కూడా ఈ మట్టిదే. పీరెత్తే ముసల్మాను మా వాడు, నమాజు చేసే ముసల్మాను పరాయివాడు అనే తూకాన్ని నేను ఇకమీద నా వార్తల్లో పెట్టను. అది నేను తమ్ముడికి బాకీ పడ్డ జవాబు.

*

ఆ ఏడాది నెలపొడుపు నాడు పెట్టెను నేను తెరవలేదు. తాళంచెవిని పెద్దవ్వ చేతిలో పెట్టాను. ఆమె భయపడింది. "నేను తెరవొచ్చునా బిడ్డా?" అంది. తెరిచింది. అప్పటి నుంచి తాళంచెవి మా ఇంట్లో లేదు. కొట్టం గుంజకు ఒక మేకు కొట్టి దానికి తగిలించాం. తెర కుట్టడానికి అబ్బా లేడు, అమ్మీ చేతులు వణుకుతున్నాయి. మా ఇంటావిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని చిరిగిన ముక్కలు విప్పి కొత్తవి వేశారు. కుట్టు వంకరగా వచ్చింది. అబ్బా అయితే విప్పించేవాడు. డప్పు తాత మనవడిని కొట్టం లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వచ్చాడు. ఇన్నేళ్ళూ ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, అంతేనా అనిపించి సిగ్గేసింది.

తమ్ముడు తొమ్మిది, పది రోజులు రోజా ఉన్నాడు. కొట్టంలోకి రాలేదు. సవారీ లేచే పొద్దున గల్లీ మూలమీద రెండు డ్రమ్ముల నీళ్ళు పెట్టి, వచ్చేపోయేవాళ్ళకు లోటాలతో అందించాడు. కర్బలాలో దాహంతో చచ్చిపోయినవాళ్ళ పేరు మీద నీళ్ళిస్తే సవాబు, దానికెవరూ అడ్డు చెప్పలేరు అన్నాడు. 2024, 2025లలో పీర్ల పండుగ, బోనాలు ఒకే నెలలో వచ్చాయి. బోనమెత్తుకున్న ఆడవాళ్ళకూ అవే డ్రమ్ముల నుంచి నీళ్ళందించాడు.

పెద్దవ్వ కొడుకు సంగతి కూడా చెప్పాలి. పదో రోజు దట్టీ తెచ్చాడు. అందరూ గుండం చుట్టూ ఉండగా అడిగాను. కోపంగా అడగలేదు, మెల్లగా కూడా అడగలేదు. "తమ్మీ, పీరుకు దట్టీ కట్టినవు, సంతోషం. ఈ పీరు మీ మేడ మీద కిరాయికడిగితే ఇస్తవా?" డప్పు కొంచెంసేపు ఆగింది. పెద్దవ్వ కొడుకు మొఖం చూసింది. ఆమెకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వాడు తలొంచుకుని దట్టీ కట్టి వెళ్ళిపోయాడు. ఆ మేడలోకి ఎవరో వచ్చారు. నేను వేరేచోట, మా వాళ్ళ మొహల్లాలోనే ఇల్లు చూసుకున్నాను. వాడు ఇప్పుడు ఎదురుపడితే సలాం చెప్తాడు, కాని కళ్ళలోకి చూడడు.

పెద్దవ్వ మాత్రం మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి చాయ్ తాగింది. పోయేటప్పుడు కొంగులోంచి ఒక గుడ్డముక్క తీసి ఇచ్చింది. కొడుకు ఇంటి తలుపుకు వేసిన పరదా మిగిలిందట. "తెరల కుట్టియ్యి బిడ్డా. రోజూ చూస్తెనన్న వానికి సిగ్గొస్తదేమో" అంది.

"తెర ఉండేది పది రోజులే గదా పెద్దవ్వా" అన్నాను.

"పది రోజులన్న సూడనీ" అంది.

ముక్కను సంచిలో వేశాను.